బెణికిన కాలు మీద దర్యాప్తు

అద్దెకు పుస్తకాలిచ్చే దుకాణాలు ఒక్కొక్కటే మూతపడుతున్నా, టైర్ల షాపు మేడ మీదున్న ఆ ఒక్క గది మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. దాన్ని నడిపే మనిషిని అందరూ కాంపౌండరనే పిలుస్తారు. ఆయన ఏనాడూ ఆసుపత్రిలో పనిచేసినవాడు కాదు. పుస్తకం చేతికిచ్చేటప్పుడు మందు సీసా ఇచ్చినట్టు జాగ్రత్తలు చెప్పిగాని వదలడు, అందుకని ఆ పేరు. "రోజుకి రెండు అధ్యాయాలు, అదీ భోజనం చేశాక" అంటాడు. దెయ్యాల నవల కావాలంటే పదిహేనేళ్ళు నిండాలి, పైగా ఇంట్లో ఇంకో మనిషి తోడుండాలి. పెళ్ళి కుదిరి ఇంకా జరగనివాళ్ళకు ప్రేమ నవలలివ్వడు. లేనిపోని ఆశలు పెట్టుకుంటారట. కొండలెక్కినవాళ్ళ అనుభవాలు మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు చదివితే మనసు కష్టపెట్టుకుంటారట. పిల్లల కథల్లో కుక్కపిల్ల చచ్చిపోయే కథ ఉంటే, ఆ సంగతి పిల్లల ముందే వాళ్ళమ్మకు గట్టిగా చెబుతాడు. పిల్లలు దుకాణంలోనే ఏడుపు లంకించుకుంటారు. ఇంటికెళ్ళి ఏడవడం కంటే అదే నయం కదా అని ఆయన వాదన.

ఒకసారి వీధి చివర పళ్ళ డాక్టరు ముచ్చటపడి ఒక డిటెక్టివ్ నవల తీసుకున్నాడు. కాంపౌండరు నాలుక కరుచుకుని, "డాక్టరుగారూ, ఇది మీకు పడదేమోనండీ. ఇందులో హంతకుడు పళ్ళ డాక్టరే. చదివితే నొచ్చుకుంటారు" అన్నాడు.

"నేను నొచ్చుకోవడం మాట అటుంచు. ఇంక చదవడానికి నాకేం మిగిల్చావయ్యా?" అని ఆ పెద్దమనిషి లబోదిబోమన్నాడు. అందులో తన తప్పేమిటో కాంపౌండరుకు ఈనాటికీ బోధపడలేదు.

ఇంత జాగ్రత్త గల మనిషి పప్పులు ఉడకని చోటు ఒక్కటే ఉంది, అది ఆయన తల్లి దగ్గర. ఆవిడకు ఎనభై దాటాయి. చూపు మందగించినప్పటి నుంచీ కొడుకు చేతే చదివించుకుంటోంది. మధ్యాహ్నం దుకాణం మూసి ఇంటికొచ్చి, భోజనం చేసి, తల్లి మంచం పక్కన స్టూలు వేసుకుని చదవడం ఆయనకు అలవాటు. హత్య లేని పుస్తకం ఆవిడకు సహించదు. కళ్ళు మూసుకుని వింటూనే, "ఆ మేనల్లుడి మాటలు నమ్మకురా, వాడి వాలకం బాగాలేదు" అని మధ్యమధ్య డిటెక్టివు కంటే ముందే తేల్చేస్తుంది.

అలాంటి ఆవిడకు ఉన్నట్టుండి గుండెనొప్పి వచ్చింది. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపుతూ డాక్టరు, "ఉద్రేకం కలిగించే మాటలేవీ చెవిన పడనివ్వకండి. ఇంకోసారి నొప్పొస్తే తట్టుకోలేరు" అన్నాడు. తల్లి లేని ఇల్లు ఎలా ఉంటుందో కాంపౌండరు ఊహకు కూడా అందదు. ఇంట్లో ఉన్న డిటెక్టివ్ నవలలన్నీ ఆ పూటే మూటగట్టి దుకాణానికి చేరవేశాడు. వాటి బదులు గులాబీల పెంపకం మీద ఒక పుస్తకం తెచ్చి చదవడం మొదలుపెట్టాడు.

కొమ్మలు ఎక్కడ కత్తిరించాలో ఆవిడ కాసేపు ఓపిగ్గానే వింది.

"ఇందులో ఎవరూ చావరట్రా?"

"పురుగులు చస్తాయమ్మా. మందు కొడితే."

ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత పలకరిస్తే ఊ అనడం కూడా మానేసింది.

"ఏమండీ, అత్తయ్య కంచం ముందు కూర్చుని, ఏమీ తినకుండా లేచిపోతున్నారు" అంది భార్య, తానూ తినకుండానే. "గుండె జాగ్రత్తగా చూసుకోమన్నాడు డాక్టరు. మనిషిని ఇలా మాడ్చమన్నాడా?"

అప్పుడు ఆయనకొక ఉపాయం తట్టింది. నన్నడిగితే అది శుద్ధ తెలివితక్కువ ఉపాయం. కానీ భయపడ్డ మనిషికి తెలివి ఎక్కణ్ణుంచి వస్తుంది! కొత్త డిటెక్టివ్ నవల ఒకటి తెచ్చాడు. అందులో మొదటి పేజీలోనే ఒక డబ్బున్న ఆసామి గుండెల్లో కత్తి దిగి తన గదిలో పడి ఉంటాడు. కాంపౌండరు ఆ కత్తి మాట మింగేసి, మెట్ల మీద జారి కాలు బెణికి పడి ఉన్నాడని చదివేశాడు. మిగతా పుస్తకమంతా ఆ శవం మీదే నడుస్తుందన్న సంగతి ఆయనకు తర్వాత గుర్తొచ్చింది.

"కాలు బెణికితే పోలీసులొచ్చారా?" అంది తల్లి.

"డబ్బున్నవాళ్ళ ఇల్లు కదమ్మా. అయినదానికీ కానిదానికీ వస్తారు."

"మరి వేలిముద్రలెందుకు తీస్తున్నారు?"

"మెట్లు తడిపిందెవరో తేల్చాలి కదా."

మర్నాడు శవపరీక్ష నివేదిక కాస్తా కాలి పరీక్ష నివేదిక అయింది. ఆసామి భార్య సోఫాలో స్పృహతప్పి పడిపోతే, ఆ వాపు చూడలేకపోయిందని సర్దిచెప్పాడు. నుదుట చెమటలు పోస్తున్నా ఎలాగో నెట్టుకొస్తుండగా, కథలోకి వకీలు వచ్చి వీలునామా విప్పాడు. దాటేద్దామంటే ఆ అధ్యాయమంతా వీలునామా గొడవే. గత్యంతరం లేక చదివాడు.

"ఆగాగు" అంది తల్లి. "మనిషి బతికుండగానే ఆస్తి పంచేసుకుంటున్నారా?"

"కాలు... కొంచెం ఎక్కువే బెణికిందమ్మా."

ఆవిడ మెల్లగా లేచి దిండుకు ఆనుకుని కూర్చుంది.

"నిజం చెప్పు. చచ్చాడా, లేదా?"

"చచ్చాడమ్మా."

"ఎప్పుడు?"

"మొదటి పేజీలోనే. కత్తిపోటు."

"హమ్మయ్య!" అంది ఆవిడ. ఇన్నాళ్ళకు మొహంలో కళ వచ్చింది. "ఆ మాట అప్పుడే చెప్పి ఏడవొచ్చుగా! నాకు ఉద్రేకం పనికిరాదనేగా నీ బాధ? ఆ దిక్కుమాలిన కాలు గురించి వింటుంటే ఒళ్ళు ఎంత మండిపోయిందో తెలుసా?"

ఆయన పుస్తకం ఒళ్ళో పెట్టుకుని తల దించుకున్నాడు. "భయమేస్తోందమ్మా. నేను చదువుతూ ఉంటే నువ్వు వింటూ వింటూ... నా చేతులారా నిన్ను..."

ఆవిడకు కోపం ఎటుపోయిందో పోయింది. తల నెరిసిన ఆ కొడుకు మీద ప్రేమ పొంగుకొచ్చింది. చెయ్యి చాచి, తడుముకుని, ఆయన మోకాలి మీద వేసింది.

"నేను పోయే ఘడియ నీ చేతిలో లేదురా నాయనా, ఆ డాక్టరు చేతిలోనూ లేదు. మీ నాన్నను సాగనంపాను. నా తోడబుట్టినవాళ్ళందరినీ సాగనంపాను. పుస్తకంలో ఎవడో చస్తే నాకేమైపోతుంది? ఉన్నన్నాళ్ళూ నాకు ఉన్నదున్నట్టు చదివి పెట్టు. నన్ను పసిపిల్లను చెయ్యకు."

ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని మొదటి పేజీకి వచ్చాడు. ఈసారి ఒక్క ముక్క కూడా మార్చలేదు. కత్తి దిగిన వాక్యం దగ్గరికి వచ్చేసరికి మాత్రం కళ్ళు నిండి అక్షరాలు అలుక్కుపోయాయి.

"ఏడుస్తూ చదువుతుంటే నాకు ఒక్క ముక్కా అర్థం కావట్లేదు. కాసిని మంచినీళ్ళు తాగి రా" అంది తల్లి. "హంతకుడు దొరికేదాకా నేనెక్కడికీ పోనులే."