చీనా లింగప్ప పేరు

ఒక రాయిని నేను చాలా ఏళ్ళుగా మోస్తున్నాను. రాయి వేలూరు సమాధుల తోటలో నిలబడి ఉంది, బరువు మాత్రం నా గుండెల మీద ఉంది. మీరెవరో నాకు తెలియదు. తెలియని మనిషికైతే మొత్తం చెప్పగలనేమోనని మొదలుపెడుతున్నాను. మధ్యలో తడబడితే ఓర్చుకోండి. నా పేరు మాత్రం అడగొద్దు. ఇంకొకరి పేరు పాడుచేసినవాడికి పేరెందుకు?

మాది వేలూరు దగ్గర గుడియాత్తం. చెక్క అచ్చులు చెక్కడం నా పని. మా ఊరి లుంగీల మీద, మూటల మీద కొట్టే ముద్రల్లో సగానికి సగం ఒకప్పుడు నా చేతివే. అరవం, తెలుగు, ఇంగ్లీషు, ఏ అక్షరమైనా సరే, చదవడం రాకపోయినా చెక్కేవాణ్ణి. వాడి చెయ్యి తప్పదు అని బజారులో అనుకునేవారు. ఆ మాట నా నెత్తికెక్కింది. చివరికి అదే నా కొంప ముంచింది.

అచ్చు పని ఎలా చేస్తామో చెప్పాలి, లేకపోతే నా తప్పు మీకు అర్థం కాదు. పల్చటి కాగితం మీద రాసుకుని, దాన్ని చెక్క మీద బోర్లా అంటిస్తాం. పైన కాస్త నూనె రుద్దితే కాగితం వెనక నుంచి అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి. అలాగే చెక్కుతాం. చెక్క మీద తిరగబడి ఉంటేనే గుడ్డ మీద సరిగ్గా పడుతుంది. చిన్నప్పటి నుంచీ ఇదే పని. నిద్రలో లేపి కాగితమిచ్చినా నా చెయ్యి దాన్ని బోర్లానే వేస్తుంది.

వేలూరు బజారులో పళ్ళు కట్టే చీనా ఆయన ఒకాయన ఉండేవాడు. పేరు లిన్ మింగ్. మా వాళ్ళకు నోరు తిరగక లింగప్ప చేసేశారు. ఆయనా అలా పిలిస్తేనే నవ్వుతూ పలికేవాడు. తొరపాడిలో మన తెలుగు క్రైస్తవుల పిల్లను, సారమ్మను పెళ్ళాడాడు. వాళ్ళకు ఒక్కతే కూతురు, రూతు.

ఒకసారి నా దవడ వాచిపోయింది. నోరు తెరవలేను, మింగలేను, ఒళ్ళు కాలిపోతోంది. ఇక వీడు దక్కడని ఇంట్లో ఏడుపులు మొదలయ్యాక ఎవరో బండిలో వేసుకుని లింగప్ప దగ్గరికి తీసుకుపోయారు. ఆయన పన్ను పీకి చీము తీశాడు. అంతటితో సాగనంపలేదు. తన వసారాలోనే పడుకోబెట్టుకుని, జ్వరం దిగేదాకా సారమ్మ చేత గంజి పోయించాడు. నేను ఏ కులమో, ఏ ఊరో కూడా అడగలేదు మహానుభావుడు.

నా పని ఏమిటో తెలిశాక ఆయన సంబరం చూడాలి! వాళ్ళ నాయన కూడా చీనాలో చెక్క అచ్చులు చెక్కేవాడట. పెట్టె అడుగు నుంచి ఒక వంకర చాకు తీసి నా చేతిలో పెట్టాడు. అది వాళ్ళ నాయనదే. పని తెలిసిన చేతిలో ఉండాలి అన్నాడు. ఆ చాకుతోనే నా పిల్లలకు అన్నం పెట్టాను. ఇప్పటికీ పొద్దున్నే దాన్ని కళ్ళకద్దుకుంటాను. ఇంత మేలు చేసిన మనిషికి నేనేం చేశానో వినండి.

ఆయన అంగడి ముందు ఒక నిలువు పలక వేలాడుతుండేది. దాని మీద కుంచెతో తన చేత్తో రాసుకున్న రెండక్షరాలు, ఒకదాని కింద ఒకటి. పై అక్షరంలో రెండు చెట్లు పక్కపక్కన ఉంటాయి. అది లిన్, అంటే తోపు, వాళ్ళ ఇంటిపేరు. కింది అక్షరంలో ఎడమన సూర్యుడు, కుడిన చంద్రుడు. అది మింగ్, అంటే వెలుగు. మీ తెలుగువాళ్ళ మాదిరే మాకూ ఇంటిపేరే ముందు అని చెప్పి ఎంత మురిసిపోయేవాడో. చీనా నుంచి ఆయన తెచ్చుకున్నవాటిలో మిగిలింది ఆ పేరొక్కటే.

ఒక ఏడాది విషజ్వరాలొచ్చి ఆయన్ని తీసుకుపోయాయి. సమాధి మీద పేరు ఆయన అక్షరాల్లోనే ఉండాలని సారమ్మ పట్టు. రాళ్ళు చెక్కేవాళ్ళు ఆ గీతలు మాకు రావు పొమ్మన్నారు. ఆమె ఆ పలక మోసుకుని గుడియాత్తం వచ్చింది. నువ్వే చెక్కల్ల అన్నా, అంది. కాదంటానా? నల్లటి కడప బండ తెప్పించాను. పలక మీద పల్చటి కాగితం పరిచి ఒక్క వెంట్రుక తేడా లేకుండా గీసుకున్నాను. ఆయనిచ్చిన చాకుతోనే అంచులు గీసి, ఉలితో తవ్వాను. ఏడుస్తూనే చెక్కాను. అది నిజం.

పని అయిపోయాక బండను, పలకను పక్కపక్కన నిలబెట్టాను. పలక మీద సూర్యుడు ఎడమన ఉన్నాడు. బండ మీద కుడిన ఉన్నాడు. కాగితం బోర్లా వేశానని అప్పుడు తెలిసింది.

బండను వెనక్కి తిప్పి చెక్కొచ్చు కదా అంటారా? చెక్కొచ్చు. ఇంకొన్నాళ్ళు పట్టేది. మర్నాడే రాయి నిలబెట్టాలని ఫాదరుగారికి చెప్పి ఉంచారు. ‘తప్పు జరిగిందమ్మా’ అని ఒక్క మాట అనాల్సి వచ్చేది. నాలాంటివాడికి ఆ ఒక్క మాటే కొండంత అయింది. చీనా అక్షరం ఇక్కడ చదివేదెవరు అనుకున్నాను. కానీ రెండూ పక్కపక్కన పెడితే చదువురాని పిల్ల కూడా తేడా పట్టేస్తుంది. అందుకని ఏం చేశానో తెలుసా? మా వీధిలో నూలుకు రంగు కాచే పొయ్యి ఉండేది. ఆ పలకను తీసుకుపోయి అందులో పెట్టాను.

పొరపాటు చెయ్యి చేసింది. ఇది మాత్రం నేను చేశాను.

సమాధి దగ్గర రాయి దించగానే సారమ్మ బండిలోకి తొంగిచూసింది.

“పలక యాడన్నా?”

“పాలారు దాటేటప్పుడు బండి ఒరిగిందమ్మా. నీళ్ళలో కొట్టుకుపోయినాది. ఎంత ఎతికినా దొరకలా.”

ఆమె రాతి మీది అక్షరాలు తడిమింది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

“పోతే పోనీలేన్నా. నీకేం కాలేదు గదా, అదే చాలు. ఆయన పేరు రాతి మీద ఉండాది. ఇంగేం కావల్ల నాకు?”

తిట్టినా బాగుండేది. అంత నమ్మకం ఎందుకమ్మా నా మీద అని ఇప్పటికీ ఆమెను మనసులో అడుగుతుంటాను.

సమాధుల పండగ వస్తే ఇక్కడ అందరూ రాళ్ళు కడిగి పూలు పెడతారు. రూతు ఆ అక్షరాల గాడుల్లో వేలితో సున్నం నింపేది, చిన్నప్పటి నుంచీ. అలా నింపి నింపి వాళ్ళ నాయన పేరు రాయడం నేర్చుకుంది. నేను నేర్పిన తప్పుతోనే నేర్చుకుంది. పెళ్ళికి కొన్న ఇత్తడి సామాను మీద పేర్లు కొట్టించేటప్పుడు, తన పేరు కాదు నాయన పేరు కొట్టమని తానే గీసి ఇచ్చిందట. చెంబు మీద, గిన్నెల మీద, అన్నిటి మీదా చంద్రుడు ఎడమన.

అంతకు ముందే ఇంకొకటి జరిగింది. బట్టల బేరానికి జపాను వర్తకుడొకాయన మద్రాసు నుంచి బ్రోకరుతో మా ఊరొచ్చి, నాకు ముద్ర పని ఇచ్చాడు. తన పేరు కాగితం మీద రాశాడు. చూస్తే రెండు చెట్లు! మా లింగప్ప అక్షరమే! నేను ఉండబట్టలేక లిన్ అన్నాను. ఆయన నవ్వి తల అడ్డంగా ఊపి, హయాషి అన్నాడు. చీనా వాళ్ళకూ తమకూ ఈ అక్షరాలు ఒకటేనని, అర్థమూ తోపేనని, పలికే నోళ్ళే వేరని బ్రోకరు అరవంలో విప్పి చెప్పాడు. సూర్యుడూ చంద్రుడూ కలిసిన అక్షరాన్ని వాళ్ళు అకిరా అని కూడా పలుకుతారట.

నా నోటి దూల ఊరుకోదు కదా, ఈ సంగతి సారమ్మ దాకా పోయింది. నాయన పేరు చదివే మనిషి వచ్చాడని రూతు ఎగిరి గంతేసింది. తప్పించుకోలేక ఆ వర్తకుణ్ణి సమాధి దగ్గరికి తీసుకుపోయాను. ఆయన రాయి ముందు నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నావైపు చూశాడు. మీ నాయనకూ నాకూ రాతలో ఒకటే ఇంటిపేరు అని బ్రోకరు చేత రూతుతో చెప్పించి, ఆ పిల్ల అరచేతిలో వేలితో ఆ పేరు రాశాడు. సరిగ్గా రాశాడు, నేను చూశాను. రూతు దాన్ని దీవెన అనుకుని చెయ్యి మూసుకుంది. వెళ్ళేముందు ఆయన రాయిని చూపించి, ఒక అరచేతి మీద ఇంకో అరచెయ్యి నొక్కి, పైకి ఎత్తి చూపాడు. వాళ్ళ దేశపు దండం అనుకుని నేనూ దండం పెట్టాను. ఎంత మొద్దువెధవను!

సారమ్మ పోయింది. ఆమెకు చెప్పలేదు. రూతు మా ఊరికే కోడలుగా వచ్చింది. నాకు కళ్ళు మసకబారినప్పటి నుంచి పొద్దున్నే చెంబుతో గంజి తెస్తుంది. మా అమ్మ పోసింది, నేనూ పోస్తా తాగు పెదనాయనా అంటుంది. ఆ పేరున్న చెంబే. ఏ జన్మలో ఏ పుణ్యం చేశానో, ఈ ఇంటివాళ్ళు నాకు పోస్తూనే ఉన్నారు. తాగుతూ నేను ఆ అక్షరాలు తడుముతుంటాను.

మొన్న పాత అచ్చుకు సిరా రాసి గుడ్డ మీద నొక్కుతుంటే ఆ జపాను ఆయన అరచేతులు గుర్తొచ్చాయి. అయ్యో, అది దండం కాదు! నేను చెక్కింది అచ్చు. అచ్చు మీద పేరు ఎలా ఉండాలో అలాగే ఉంది.

ఈసారి పండగకు రూతుతో వేలూరు వెళ్ళాను. తను రాయి కడిగి సున్నం నింపబోతుంటే ఆగమన్నాను. రాయి నిండా సిరా రాసి, తెల్లగుడ్డ పరిచి, అరచేత్తో ఒత్తి లేపాను. నల్లటి గుడ్డలో తెల్లగా లింగప్ప చేతిరాత. సూర్యుడు ఎడమన. కుంచె ఆరిపోయి గీత చీలిన చోటు కూడా అలాగే ఉంది. అప్పుడు చెప్పాను. కాగితం, పలక, పొయ్యి, పాలారు, అన్నీ చెప్పాను.

రూతు గుడ్డ మీద వేలు పెట్టింది. వేలు అలవాటుగా చంద్రుడి వైపు కదిలి, మధ్యలో ఆగిపోయింది. వెనక్కి వచ్చి మళ్ళీ మొదలుపెట్టింది. చదువుకునే పిల్లలాగా మెల్లగా, చివరిదాకా రాసింది.

“మా అమ్మ ఉన్నప్పుడే చెప్పుంటే బాగుండును గదా పెదనాయనా,” అంది.

అంతే. గుడ్డ మడిచి రొమ్ముకు అదుముకుని నడిచింది. క్షమించమని నేను అడగలేదు. ఏ మొహంతో అడగను? రేపు గంజి వస్తుందో రాదో తెలియదు. రాకపోయినా ఇన్నాళ్ళు పోసిన చేతులకు దండం పెడతాను. నేను మాత్రం ఆ రాయి దగ్గరే కాసేపు కూర్చుని, ఎవరూ లేకుండా చూసి, లింగప్పా అనకుండా ఆయన్ని అసలు పేరుతో పిలిచాను.