మూడో మెట్టు మీద వెలుగు

మా వీధిలో అందరూ ఆమెను మేడ వదిన అంటారు. మేడ ఆమెది కాదు. ఊరి చివర రెండు వందల ఏళ్ల నాటి మేడ ఒకటుంది. ఎవరో కలవారు కట్టించుకున్నారట, ఇప్పుడు పెళ్లిళ్లకు ఇస్తున్నారు. ఇరవై రెండేళ్లుగా దాన్ని ఊడ్చి తుడిచేది మా వదిన. "ఏం వదినా, నీ మేడ ఎలా ఉంది?" అని మొదట వేళాకోళానికి అడిగింది నేనే. ఆ పేరు అలా అతుక్కుపోయింది. ఆమె కూడా తక్కువదేం కాదు. "నీలాంటి వాళ్లు చెప్పులతో లోపలికి రానంతవరకు బాగానే ఉంటుంది వదినా" అనేది.

అదీ నిజమే. చెక్క నేల మీద గీతలు పడతాయని అక్కడ చెప్పులకు గుడ్డ సంచులు తొడుక్కుని నడవాలి. గోడకు మేకు కొట్టకూడదు, కొవ్వొత్తి వెలిగించకూడదు, పూలు చల్లకూడదు. ఇన్ని వద్దులున్నా జనం ఎగబడేది అక్కడి మెట్ల కోసమే.

హాలు నడుమ నుంచి ఒంపు తిరిగి పైకి పోయే చెక్కమెట్లు అవి. పడమటి గోడలో, బాగా ఎత్తున, రంగుటద్దాల కిటికీ. సాయంత్రం ఎండ అందులోంచి దిగి ముందు పక్క గోడ మీద, తర్వాత మెట్ల చేపట్టు చివర చెక్కిన సింహం తల మీద, చివరికి మూడో మెట్టు మీద పడుతుంది. పడి ఇరవై నిమిషాలుంటుంది. ఆ కాసేపు అక్కడ నిలబడితే ఎంత మామూలు పిల్లైనా కళకళలాడిపోతుంది. ఏ నెలలో ఏ వేళకు ఆ ఎండ మెట్టు మీదికి దిగుతుందో తెలిసింది మా వదిన ఒక్కదానికే. పెళ్లి లేని రోజున సింహం ముక్కు మీంచి ఎండ జారిందంటే హాలు తుడుపు మొదలుపెట్టాలి, అదీ ఆమె గడియారం.

పెళ్లి తేదీ అనుకోగానే ఫొటోగ్రాఫరు ఆమెకే ఫోను చేసేవాడు. "అక్కా, వచ్చే నెల పన్నెండున వెలుగు ఎన్నింటికి?"

"నాలుగూ పదికి. ముందే వచ్చి కూర్చో, తర్వాత నా మీద పడకు."

ఆ ఒక్క మాట మీద భోజనాలు ముందుకు జరిగేవి, చుట్టాల రైళ్లు మారేవి. ఆమె మాత్రం కెమెరా పైకి లేచిందంటే చాలు, బకెట్టుతో సహా మెట్ల పక్కనున్న స్తంభం వెనక్కి వెళ్లిపోయేది. చేరిన మొదటి వారంలోనే మేనేజరు చెప్పాడు: "ఫొటోలో చీపురు కనిపించిందా, మర్నాటి నుంచి నువ్వు కనిపించవు."

ఆమెకు ఒక్కతే కూతురు. మొగుడు పోయాక ఆ పిల్లను ఆమె ఒంటిచేత్తో చదివించింది. పిల్ల బ్యాంకులో చేరింది, అక్కడే ఒక అబ్బాయిని చూసుకుంది. అబ్బాయి వాళ్లు పెళ్లికి ఆ మేడే కావాలన్నారు. ఆ సంగతి చెప్పడానికి వదిన మా వంటగదిలోకి వచ్చి, కూర్చోకుండా నా గిన్నెలన్నీ సర్దేసింది. అడగకుండా ఊరుకునే మనిషిని కాదు కదా నేను.

"నువ్వక్కడ ఏం పని చేస్తావో వాళ్లకు తెలుసా?"

"మేడ ఆఫీసులో పని అని పిల్ల చెప్పిందట."

"ఆఫీసులోనా? ఏ కుర్చీలోనమ్మా?"

"ఊరుకో వదినా, దాని బాధ దానిది. నాకు కావలసింది ఒక్కటే. మూడో మెట్టు మీద, ఆ వెలుగులో, దాని పక్కన నిలబడి ఒక్క ఫొటో. ఇన్నేళ్లలో ఎంతమంది తల్లుల్ని చూశానో అక్కడ."

"పిల్లతో అన్నావా మరి?"

"అన్నాను. ఫొటోగ్రాఫరు కాగితంలో కూడా రాయించాను."

ఆ కాగితం తెప్పించుకుని వేలు పెట్టి మరీ చదివాను. ఫొటోగ్రాఫరు ఆ రోజునంతా నిమిషాల కింద తరిగి పెట్టాడు. పదకొండుకు ముస్తాబు, అద్దం ముందు. మూడింటికి అబ్బాయి తరపువాళ్లు. నాలుగూ పదికి జంట, మెట్ల మీద. నాలుగూ ఇరవైకి అమ్మాయి తల్లి, రెండు నిమిషాలు. ఇంతకీ పెళ్లి ఎప్పుడా అని వెతికితే రెండున్నర దగ్గర ఒక పావుగంట దొరికింది.

పెళ్లిరోజున వదిన ఆకుపచ్చ శాలువా కప్పుకొచ్చింది. నేనామె పక్కనే ఉన్నాను. హాల్లో ఎవరి చేతిలోని గ్లాసో ఒలికితే ఈవిడ వంగబోయింది. గట్టిగా గిల్లాను. "నువ్వివాళ పెళ్లికూతురి తల్లివి. నిటారుగా నిలబడు."

ఎండ చెప్పిన నిమిషానికే మెట్టు మీదికి వచ్చింది. జంటను తీశారు. నాలుగూ ఇరవై అయింది. అంతలో అబ్బాయి మేనమామ, "మా పిల్లలందరితో ఇంకొక్కటి" అన్నాడు. ఆ ఒక్కటి అయిదైంది. కూతురు మాటిమాటికీ తల్లి వైపు చూస్తోందే కానీ నోరు విప్పలేదు. ఎండ మెట్టు చివరికి వచ్చేసింది.

"అమ్మాయి తల్లిగారు, త్వరగా!" అని ఫొటోగ్రాఫరు కేకేశాడు.

వదిన గబగబా ఎక్కింది. కూతురు చెయ్యి అందుకుంది. అతను వెలుగు చూసుకోవడానికి కెమెరా పైకెత్తాడు.

అంతే. కెమెరా లేవగానే మా వదిన చెయ్యి వదిలేసి, మూడు మెట్లూ దిగి, స్తంభం వెనక్కి వెళ్లిపోయింది.

ఆమె కావాలని చేయలేదు. కాళ్లు వాటంతటవే తీసుకుపోయాయి. మెట్టు మీద పిల్ల ఒక్కతే ఖాళీ చెయ్యి చాచి నవ్వుతోంది. క్లిక్కుమంది.

"అమ్మా! ఎక్కడికెళ్లావ్? పిచ్చా నీకు?"

వియ్యపురాలు నవ్వింది. "పాపం, ఫొటోలంటే సిగ్గేమో."

సిగ్గు కాదమ్మా అనబోయాను. పిల్ల ముఖం చూసి మింగేశాను. వదినను ఇవతలికి లాక్కొచ్చేసరికి మెట్టు మీద ఎండ లేదు. "తోటలో తీద్దాంలే అక్కా" అన్నాడు ఫొటోగ్రాఫరు. తోటలో అబ్బాయి స్నేహితులు అతన్ని పట్టుకున్నారు. ఆ రెండు నిమిషాలు మళ్లీ ఎవరికీ గుర్తు రాలేదు.

వారానికి ఫొటోలు ఫోనుకు వచ్చాయి. వదిన మెట్ల మీది ఆ ఒక్కటే పెద్దది చేసి వీధంతా చూపించింది. స్తంభం పక్కన బెత్తెడు ఆకుపచ్చ శాలువా, దాని కుచ్చులు. "ఇదిగో నేను. పోన్లే, కొసైనా పడింది."

నెల తర్వాత అసలు ఆల్బం వచ్చింది. అదే ఫొటో రెండు పేజీలు నిండా వేశారు. పిల్ల అందంగా ఉంది. స్తంభం నున్నగా ఉంది. శాలువా లేదు. వదిన ఆ పేజీ మీద వేలితో ఒకసారి రుద్ది చూసింది, పైన ధూళి ఉన్నట్టు.

నేను ఊరుకుంటానా? ఫొటోగ్రాఫరు దుకాణానికే వెళ్లాను.

"శాలువా ఏమైందయ్యా?"

"అడ్డంగా ఉంటే చెరిపేశాను పెద్దమ్మా."

"అది మీ అక్కది. పిల్ల తల్లిది."

అతని ముఖం పాలిపోయింది. "చూసుకోలేదు పెద్దమ్మా. ఆ మేడ ఫొటోలన్నిట్లో అక్కడ ఏదో ఒకటి ఉంటుంది, బకెట్టో, చీపురో. తీసి తీసి చేతికి అలవాటైపోయింది."

"మళ్లీ పెట్టు."

"పెడతాను. కానీ కొసే కదా పెద్దమ్మా, మనిషి లేదుగా అందులో."

ఇంటికొచ్చి వదినతో చెప్పాను. "వద్దు. చెప్పకు పిల్లకు" అంది. అంతకు మించి నేను రాబట్టలేకపోయాను. నా చేతకానిది అదొక్కటే.

మొన్న ఏదో వంక పెట్టుకుని ఆమె వెంట మేడకు వెళ్లాను. వేరే వాళ్ల పెళ్లి. ఫొటోగ్రాఫరు వదినను చూసి కాసేపు నసిగాడు.

"అక్కా, ఇవాళ ఎన్నింటికి?"

వదిన తడిగుడ్డ పిండుతూనే ఉంది. "నాకేం తెలుసు బాబూ. నేను ఊడ్చేదాన్ని."

అతను నవ్వబోయి ఆగిపోయాడు. కాసేపు కిటికీ కేసి చూశాడు, గోడ కేసి చూశాడు. జంటను తోటలోకి తీసుకుపోయాడు.

పది నిమిషాలు కాకముందే సింహం ముక్కు మీంచి ఎండ జారి మూడో మెట్టు మీద పడింది. హాల్లో మేమిద్దరమే.

"నిలబడు వదినా, నా ఫోనుతో తీస్తాను" అన్నాను.

"పక్కన ఎవరున్నారు?" అంది.

అని, బకెట్టు తీసుకొచ్చి ఆ వెలుగులో పెట్టి, కింది మెట్టు నుంచి తుడవడం మొదలుపెట్టింది.