పదహారు గళ్ల పళ్లెం

ఒకటి నుంచి పదహారు దాకా అంకెలను నాలుగేసి చొప్పున నాలుగు వరుసల్లో రాయండి. మూల నుంచి మూలకు పోయే రెండు ఏటవాలు వరుసలను తలకిందులు చేయండి, అంటే ఒకటి ఉన్న చోట పదహారు, పదహారు ఉన్న చోట ఒకటి, అలా. ఇక అడ్డంగా కూడినా, నిలువుగా కూడినా, నాలుగు మూలలు కూడినా, నడిమి నాలుగూ కూడినా ముప్పై నాలుగే వస్తుంది. ఇందులో దేవుడూ లేడు, దయ్యమూ లేదు. ఈ మాట చెప్పాల్సిన చోట నేను చెప్పలేదు. అందుకే ఇప్పుడు అడగని వాళ్లకు కూడా చెబుతున్నాను.

సూర్యాపేటలో నా ఉర్దూ చదువు రోజుల్లో హిసాబు మాస్టారు, అంటే లెక్కలు చెప్పేవాడు, ఒక వాన పూట సరదాకు దీన్ని బోర్డు మీద వేశాడు. నేను ఇంటికి పరుగెత్తి అక్కకు చూపించాను. అక్క బడి ముఖం చూడలేదు, కానీ అంకెలతో ఆడటంలో నాకంటే ఒక మెట్టు పైనే. ఒక చింతగింజ పెట్టి, దాని రెండు పక్కలా మూలతో కలిపి మూడు, ఆ బయట ఐదు, ఆ బయట ఏడు పేర్చి, "సూడు తమ్మీ, బేసి లెక్కలు పేర్సుకుంట పోతే ఎప్పుడూ సదరమే అయితది" అని నాకు చెప్పింది ఆమే. ఎందుకవుతుందని అడిగితే, గింజలు మలుపు తిరిగే మూల మీద వేలు పెట్టి నవ్వింది. అంత తేలిగ్గా చెప్పిన మాస్టారు తర్వాత నాకు ఒక్కడూ దొరకలేదు. అలాంటి మనిషిని పెన్‌పహాడ్‌లో ఇచ్చి, చింతగింజలతో పని లేని ఇంటికి పంపారు.

గడితో నాకు పేరెలా వచ్చిందో కూడా చెప్పాలి. మా దిక్కున కాన్పు కష్టమైతే పళ్లెంలో పసుపుతో అంకెల గడి రాసి ఆ మనిషికి చూపించేవారు. రాసే పెద్దాయన ఒకసారి ఊళ్లో లేకపోతే, పక్కింటి కోడలి కోసం నేను రాశాను. గంటలో కాన్పయింది. ఎలాగూ అయ్యేదే. అయినా మర్నాడు నాకు కొబ్బరికాయ, చొక్కా గుడ్డ, నలుగురిలో గౌరవం. పద్దెనిమిదేళ్ల వాణ్ణి, లేని మీసం దువ్వుకున్నాను. తుంగతుర్తి దాకా పోయి రాసి వచ్చాను. ఇది ఒట్టి కూడిక అని ఎవరికీ చెప్పలేదు. చెబితే కొబ్బరికాయ ఎవరిస్తారు?

పందొమ్మిది వందల నలభై ఎనిమిదిలో అక్కకు నొప్పులని కబురొచ్చింది. మా అమ్మ అప్పటికే లేదు కాబట్టి కాన్పు అత్తవారింట్లోనే. నేను పొద్దున్నే పెన్‌పహాడ్ చేరేసరికి నొప్పులు మొదలై ఒక రోజు దాటింది. మంత్రసాని బయటికి వచ్చి, "బిడ్డ అడ్డం తిరిగింది. ఇది నాతోని కాదు. జల్ది పేట దవాఖానకు తీస్కపోండ్రి" అని తెగేసి చెప్పింది. బావ వెంటనే బండి కట్టాడు. అక్క అత్త మాత్రం గడపకు అడ్డంగా నిలబడింది. అవి దారుల్లో బండ్లు ఆపి సోదా చేసే రోజులు, ఆమె భయం ఉత్తది కాదు.

"తొవ్వల ఎవడు ఆపుతడో ఏమో. లెక్కల తమ్ముడు రానే వచ్చిండు గద. ముందుగాల గడి రాయనియ్యి" అన్నది.

అందరూ నా వైపు తిరిగారు. "ఏమంటవ్ బామ్మర్దీ? రాస్తవా, పోదమా?" అని బావ అడిగాడు. పోదాం అంటే పోయేవాళ్లమే. ఒక్క మాట. ఇది ఆట అంటే ఇన్నాళ్లూ అందరినీ మోసం చేశానని ఒప్పుకోవాలి. "పళ్లెం తెండి" అన్నాను.

అక్కను గోడకు ఆనించి కూర్చోబెట్టి, పళ్లెం ఆమె ముందు పెట్టారు. నేను గడప బయటి నుంచి చూస్తున్నాను. నొప్పికీ నొప్పికీ నడుమ ఆమె పెదవులు కదిలాయి. కూడుతోంది. ఒక వరుస, రెండో వరుస, తర్వాత ఏటవాలుగా. "ముప్పై నాలుగు" అని నా వైపు చూసి నవ్వింది. "నువ్వు రాస్తే తప్పు పోదు తమ్మీ." బయట బావ ఎద్దులను విప్పి గడ్డి వేశాడు.

మధ్యాహ్నానికి మళ్లీ బండి కట్టారు. సూర్యాపేట ఇంకా రెండు కోసుల దూరం ఉండగానే అక్క పోయింది. బిడ్డ కడుపులోనే పోయింది.

మూడో రోజు వాకిట్లో పదిమంది కూర్చున్నప్పుడు, "పిలగాడు యాడనో ఒక అంకె తప్పు రాసిండు. లేకుంటే గిట్లెందుకయితది?" అన్నది అత్త. నాకు ఒళ్లు మండిపోయింది. ఇది రాయడానికి ఇప్పటికీ చేయి రాదు, అయినా రాస్తున్నాను. లోపలికి పోయి ఆ పళ్లెం తెచ్చాను. ఎండిన పసుపు చెక్కుచెదరలేదు. అక్క చితి ఇంకా పూర్తిగా ఆరిందో లేదో, నేను వేలు పెట్టి అందరి ముందూ కూడి చూపించాను. అడ్డం, నిలువు, మూలలు, నడిమివి. అన్నీ ముప్పై నాలుగు. పెద్దలు తలలూపారు. "లెక్క సక్కగనే ఉన్నది. పిల్ల రాతనే మంచిగ లేదు" అన్నాడు ఒకాయన. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు ఊపిరాడింది.

గోడ పక్కన నిలబడ్డ మంత్రసాని ఒక్కతే అడిగింది. "అయితే బండి ఎందుకు ఇప్పిండ్రయ్యా?"

పెద్దలు ఒక్కొక్కరే లేచారు. నేను పళ్లెం తీసుకుపోయి లోపల పెట్టాను.

మరుసటి ఏడు మిర్యాలగూడలో పిల్లలకు లెక్కలు చెప్పుకుంటున్నాను. గడి రాయడం మానేశాను. కానీ నేను వాకిట్లో చేసిన ఆ రుజువు ఊళ్లు తిరిగింది. ఎవరి కోసం రాశానో, ఆమె ఏమైందో దారిలోనే రాలిపోయాయి, నా లెక్క తప్పదన్న మాట ఒక్కటే మిగిలింది. అది విని కోదాడ నుంచి ఒకాయన బస్సులు మారి వచ్చాడు. భార్యకు నెలలు నిండాయట, మొదటి కాన్పట.

గుట్టు విప్పితే భ్రమ పోతుందనుకున్నాను. ఆయన్ని కూర్చోబెట్టి, కాగితమిచ్చి, ఆయన చేతనే రాయించాను. ఏటవాలు వరుసలు తిరగేయించాను. కూడమన్నాను. ఇది ఒట్టి ఆటేనని రెండుసార్లు చెప్పాను. కూడేకొద్దీ ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఇంత సులువా అండి! ఇంక మా వాడలో ఎవరికి కావాలన్నా నేనే రాసిచ్చేస్తాను."

"నొప్పులు మొదలవగానే దవాఖానకు తీసుకుపోండి" అన్నాను.

"ఇది చేతిలో ఉండగా దవాఖాన ఎందుకండి?" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

బస్సు ఆగే చోటు దాకా ఆయన వెంట నడిచాను. అక్క సంగతి ఒక్కటి చెబితే ఆ కాగితం అక్కడే పారేసేవాడు. మాట నోటి దాకా వచ్చింది. చెబితే, ఆ గడి రాసిందెవరండి అని అడుగుతాడు. బస్సు వచ్చింది. దండం పెట్టి ఎక్కి పోయాడు.