జింకపిల్లకు పెట్టిన పేరు

రెండు కాళ్ల సవతి అయితే జుట్టు పట్టుకుని రెండు తగిలించవచ్చు. నాలుగు కాళ్ల సవతిని ఏం చేస్తాం? నారాయణఖేడ్‌లో కుట్టు మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టే దుర్గాభవానికి ఆ యోగమే పట్టింది.

మొగుడు సంగమేశ్వర్ దుబాయి వైపు ఒక ఎడారి జంతువుల పార్కులో పనికి కుదిరాడు. అంతకుముందు నాగల్‌గిద్ద దగ్గర కంది చేన్లో ఒళ్లొంచిన మనిషే. ఫోన్ చేశాడంటే ఆమెతో మాట్లాడేది నాలుగు ముక్కలు. "ఏమే, తిన్నవా? అవ్వకు గోలీలు తెచ్చినవా?" ఇక ఆ తర్వాత అంతా జింకపిల్ల పురాణం. తల్లి చచ్చిపోతే సీసాతో పాలు పట్టి పెంచుతున్నాడట. అది పొద్దున తుమ్మిందట, నిన్న అతని చెప్పు నాకిందట, అడుగు చప్పుడు వింటే చాలు చెవులు నిక్కబొడుస్తుందట! ఇక్కడ పెళ్లాం జ్వరంతో వారం మంచం పడితే మాత్రం "దవాఖానకు పో" అని ఫోన్ పెట్టేశాడు మహానుభావుడు. కడుపు మండదా మరి?

"పోనియ్యే, నోరులేని జీవం" అనేది అత్త లక్ష్మవ్వ. నోరున్న జీవం సంగతేమిటని దుర్గాభవాని అడగలేదు. ఆ కోపం మిషన్ మీద చూపించి సూదులు విరగ్గొట్టుకుంది.

ఈ చలికాలం, మొగుడితో దుబాయిలోనే ఉంటున్న ఆడబిడ్డ సౌందర్యకు అక్కడే కాన్పయింది. తోడుండమని వదినెను పిలిపించుకుంది. దుర్గాభవాని బోరంచ పోయి నల్లపోచమ్మకు మొక్కి విమానం ఎక్కింది. మొక్కు పసిబిడ్డ కోసమని అందరూ అనుకున్నారు. ఆమె కోరిక వేరు. ఆ జింకను కళ్లారా చూడాలి, తనలో లేనిది దానిలో ఏముందో తేల్చుకోవాలి.

శుక్రవారం శుక్రవారం చెల్లెలి గదికి వచ్చిపోయే సంగమేశ్వర్ అక్కడా జింక ముచ్చటే తీశాడు. చివరికి ఒకరోజు సౌందర్య బిడ్డను భర్తకు అప్పజెప్పి, అన్నకు చెప్పకుండా వదినెను పార్కుకు తీసుకెళ్లింది.

చుట్టూ ఇసుక, లోపల చల్లటి గదులు. అద్దాల వెనక బల్లులు, పాములు, పెద్ద చెవుల నక్కలు. "బల్లికి ఏసీ పెట్టిండ్రు! మా రేకుల ఇంట్ల ఫంకకే దిక్కులేదు" అని దుర్గాభవాని గొణిగింది. ఆఖరున పిల్లలకు ప్రకృతి పాఠాలు చెప్పే హాలు. బడిపిల్లలు నేల మీద కూర్చున్నారు. పక్క తలుపు తెరుచుకుని పాలసీసాతో సంగమేశ్వర్ వచ్చాడు. వెనక్కి తిరిగి మెత్తగా పిలిచాడు.

"దుర్గా... ఓ దుర్గాభవానీ... రా బంగారం!"

దుర్గాభవాని ఒక అడుగు ముందుకు వేసింది కూడా. ఆమెకన్నా ముందే ఇసుక రంగు జింకపిల్ల గెంతుకుంటూ వచ్చి అతని మోకాలికి తల రుద్దింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. తలెత్తి పెళ్లాన్ని చూసిన సంగమేశ్వర్ చేతిలో సీసా అలాగే ఆగిపోయింది.

ఆమె ఒళ్లు భగ్గుమంది. పెళ్లయి ఇన్నేళ్లలో అతని నోట తన పేరు విన్నది ఒక్కసారే. పెళ్లినాడు అత్తగారి గుమ్మంలో ఈ సౌందర్యే చేతులు అడ్డం పెట్టి "పేరు చెప్తెనే లోపటికి" అంటే, నేలచూపులు చూస్తూ "దుర్గాభవాని వచ్చింది, నేనొచ్చిన" అని గబగబా అప్పజెప్పాడు. ఆనాటి నుంచి ఆమె ఏమే, ఓయ్, ఇగో! ఆ ఒక్క పిలుపూ తీసుకుపోయి జింకకు కట్టబెట్టాడా! దాని బొచ్చూ, దాని కళ్లూ, దాని బొంద!

సౌందర్య చెయ్యి పట్టుకుని అప్పటికప్పుడే గదికి తిరిగి వచ్చేసింది. సాయంత్రం డ్యూటీ దిగి ఖర్జూరాల సంచీతో సంగమేశ్వర్ వచ్చేసరికి గుమ్మానికి అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడింది.

"నా పేరు దానికెందుకు పెట్టినవ్?"

"ఈడ నాకెవలున్నరే? పొద్దంత ఎవల్నన్న పిల్వాలె గదా. నోటికి నీ పేరే వచ్చింది."

"మరి నన్నెందుకు పిల్వవు?"

"నీ ముంగట సిగ్గయితది."

లోపల బిడ్డను జోకొడుతున్న సౌందర్య కిసుక్కున నవ్వింది. "పేరు చెప్పన్నా! లేకుంటే వదినె తొవ్వ ఇయ్యది."

అతను తల వంచుకున్నాడు. "దుర్గాభవాని వచ్చింది, నేనొచ్చిన" అన్నాడు, అచ్చం పెళ్లినాటిలాగే.

చేతులు దిగలేదు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"గట్ల గాదు. దాన్ని పిల్చినట్టు పిలువు."

వరండాలో పక్క గదులవాళ్లు ఆగి చూస్తున్నారు. సంగమేశ్వర్ చెమట తుడుచుకుని సంచీ కింద పెట్టాడు. మొదటిసారి ఆమె ముఖంలోకి సూటిగా చూశాడు.

"దుర్గా... ఓ దుర్గాభవానీ... రా బంగారం."

ఆమె అప్పుడూ చేతులు తీయలేదు.

"ఇంగోసారి" అంది.