పేరు తెలియదన్నాను

ఈ వారం మా మిల్లు ల్యాబుకు ఆదోని వైపు నుంచి పత్తి నమూనాలు వచ్చాయి. సంచి మూతి విప్పగానే ఎండ తగిలిన గింజల వాసన, దాని వెనకే గొంతులో గరగర. ఈ వాసన వచ్చినప్పుడల్లా నాకు ఖాసీం మామ దగ్గు వినిపిస్తుంది.

ఆయన ఆదోని పత్తి మార్కెట్లో ఒక కమీషన్ దుకాణం తరఫున నాణ్యత చూసేవారు. రైతు పోసిన కుప్పలోంచి చిన్న కుచ్చు తీసి, రెండు బొటనవేళ్ళ మధ్య నాలుగైదుసార్లు లాగి, పోగులు సరిచేసి, పింజ, అంటే పోగు పొడవు, ఎన్ని మిల్లీమీటర్లుందో చెప్పేవారు. యంత్రం చెప్పేదానికీ ఆయన చెప్పేదానికీ పెద్ద తేడా ఉండేది కాదు. మాది ఎమ్మిగనూరు, మగ్గాల ఇల్లు. టెక్స్‌టైల్ కోర్సు మూడో ఏడాది సెలవుల్లో మా నాన్న నన్ను తన పాత స్నేహితుడైన ఆయనకు అప్పజెప్పాడు.

అప్పటికి నేను ఇంటర్న్‌షిప్ కోసం, ఉద్యోగ పరిచయాలకని వాడే ఒక యాప్‌లో ముక్కూమొహం తెలియని మిల్లు అధికారులకు సందేశాలు పంపుతున్నాను. అందరికీ అవే మాటలు, పైన పేరు మాత్రం మార్పు. ఒక్క జవాబూ రాలేదు. మామ ఒకరోజు ఆ సందేశాన్ని తెలుగులో చదివి వినిపించమన్నారు.

"నీకు పని కావాలని సెప్పినావు, సరే. ఆయప్ప మిల్లు గురించి ఒక్క మాటన్నా అడిగినావా పాపా? సలాం కూడా సెప్పకుండా అంగట్లోకి వచ్చి, తూకం ఎయ్యి అన్నట్టుండాది."

"తెలియనివాళ్ళను ఏం అడగాలి మామా?"

"తెలీకపోతేనే కదా అడిగేది."

మర్నాటి నుంచి పత్తిలో గింజ తీసే జిన్నింగ్ మిల్లులకు పంపారు. "గేటు కాడ నా పేరు సెప్పు. రానిస్తారు." అన్ని గేట్లలోనూ రానిచ్చారు. లోపల చూసినదాన్నిబట్టి అడగవలసినవి వాటంతటవే తోచాయి. సాయంత్రాలు ఆయన నా చేత కుచ్చు లాగించేవారు. "అట్ల పీకితే పత్తి కాదు, నా గడ్డం కూడా రాదు" అని నవ్వేవారు. ఆయన చేతులను ఫోటో తీసి, పింజ చూసే పద్ధతి గురించి అదే యాప్‌లో ఇంగ్లీషులో ఒక పోస్టు రాశాను. కోయంబత్తూరులోని ఒక మిల్లు ల్యాబు అధికారి అది చూసి, నన్ను ఇంటర్న్‌గా రమ్మన్నారు.

ఆ పోస్టులో మామ పేరు లేదు. క్షేత్ర పరిశీలనలో నేను సాధించిన నైపుణ్యం అని రాసుకున్నాను. హాస్టల్లో సీనియర్లు అలాగే రాయాలన్నారు. నేరం వాళ్ళ మీదికి తోయడం తేలిక. అలా రాసుకుంటే నాకూ బాగానే అనిపించింది.

వెళ్ళేముందు చెప్పిరావడానికి పోతే ఆయన ఇంటి దగ్గరే ఉన్నారు. దుకాణం వాళ్ళు ఇక నమూనాలు యంత్రానికే పంపుతారట, వచ్చే సీజనుకు రావద్దన్నారట.

"ఆ పోన్లో ముసిలోళ్ళకేమన్నా పని ఉంటాదేమో సూడు పాపా. కూసోని సేసేదైతే ఇంకా మేలు."

నవ్వుతూనే అడిగారు. చూస్తానన్నాను.

కోయంబత్తూరు వెళ్ళిన నెలకు ఆ అధికారి నా పోస్టు తెరిచి చూపించి, "ఈ చేతులు మీవి కావు కదా, ఎవరివి?" అన్నారు. పత్తి కొనే సిబ్బందికి చేతితో చూడటం నేర్పడానికి అలాంటి మనిషి కావాలి, ఏడాది పాటు ఇక్కడే ఉండొచ్చు అని కూడా చెప్పారు. ఇదంతా నా సొంత పరిశీలన కాదని తేలిపోతుందేమోనన్న భయమొక్కటే నాకు అప్పుడు ఉన్నది.

"మార్కెట్లో ఎవరో సార్. పేరు తెలియదు" అన్నాను.

ఆ తర్వాత రెండుసార్లు ఆ అధికారి గది దాకా వెళ్ళి తిరిగివచ్చాను. వారం తిరిగేసరికి వాళ్ళకు మరొకరు దొరికారు. నాకు అక్కడే ఉద్యోగం వచ్చింది. మామ ఒక గోడౌనుకు కాపలా కుదిరారు. రెండేళ్ళు అక్కడే దగ్గుతూ గడిపి, పోయిన ఏడు చనిపోయారు.

నాకు ఆలస్యంగా తెలిసింది. ఆదోని వెళ్ళి వాళ్ళింట్లో కూర్చుంటే, ఆయన భార్య బీబమ్మ అత్త టీ ఇచ్చి, ఆ పోస్టు సంగతి ఎత్తింది.

"అందరికీ సూపించేవాడు, చేతులు నావి, రాసింది మా పాప అని. మా అక్క కొడుకు సదివి, నీ పేరే లేదు కదా చిన్నాయనా అన్న్యాడు. ఈయన ఏమన్న్యాడో తెల్సునా? నా పేరు రాస్తే దాన్ని ఇడిసిపెట్టి నన్ను పిలుస్తారు లేరా, పాపం పసిది యాడికి పోతాది అన్న్యాడు."

చెప్పి ఆమె నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆ పోస్టులో ఆయన పేరు తర్వాత చేర్చాను. అందుకు ఒక నిమిషం కూడా పట్టలేదు. నిజంగానే ఆయన్ను పిలిచారని మాత్రం బీబమ్మ అత్తకు ఇంతవరకూ చెప్పలేదు. వెళ్ళిన ప్రతిసారీ ఆమె ఆ మాటే మళ్ళీ చెప్పి నవ్వుతుంది. నేను గ్లాసు కింద పెట్టి, మళ్ళీ వచ్చినప్పుడు చెబుదామనుకుని లేస్తాను.