రెండు గంటలకు చెప్పని మాట

పదకొండేళ్లుగా ఒక సంగతి నా గొంతుకు అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. ఇవాళ మీకు చెప్పేస్తున్నాను. నా పేరు మాత్రం అడగకండి.

అప్పుడు కోరుట్లలో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో నర్సును. నాకూ తోటి నర్సు సుజాతకూ మాటల్లేవు. నేను అడిగిన సెలవు ఆమెకు దొరికింది, అంతే. దానికే రెండు నెలలు మొహం మాడ్చుకున్నాను. మేనేజరుకు తెలుసు. "మీరు మీరే చూస్కోండ్రి" అని చేతులు దులుపుకున్నాడు. పొద్దున డ్యూటీ నాది, మధ్యాహ్నం ఆమెది. రెండు గంటలకు డ్యూటీ మారేటప్పుడు ప్రతి మంచం దగ్గరా నిలబడి రోగి సంగతి నోటితో చెప్పాలి. మేమిద్దరం పుస్తకంలో రెండు ముక్కలు రాసి పడేసేవాళ్లం.

ఇబ్రహీంపట్నం నుంచి వచ్చిన లచ్చవ్వకు ముందురోజే విరిగిన కాలికి సిమెంటు కట్టు వేశారు. ఆమె భర్త దుబాయిలో పని పోయి ఇరుక్కున్నాడు. ఆమెకు మస్కట్‌లో ఇంటిపనికి వీసా వచ్చింది. కాలు బాగైతేనే ప్రయాణం, లేకపోతే ఇల్లు గడవదు.

రెండు కావొస్తుండగా నన్ను పిలిచింది.

"చెల్లె, వేళ్లు తిమ్మిరెక్కినయి. కట్టు బిగుసుకపోయినట్టున్నది. జర చెప్పవా?"

"చెప్త అక్కా. నువ్వు పరేషాన్ గాకు."

వేళ్లు ముట్టుకున్నాను. చల్లగా ఉన్నాయి. అదెంత ప్రమాదమో నాకు తెలియదా? తెలుసు. కట్టు బిగిసి రక్తం ఆడకపోతే కాలే పోవచ్చు. డాక్టరు ఆపరేషన్‌లో ఉన్నాడు. సుజాత ఎదురుగానే వచ్చింది. ఒక్క మాట చాలు. కానీ ఆమెతో ముందు నేనెందుకు మాట్లాడాలి, చూసుకోకపోతే తిట్లు ఆమెకే పడతాయి, పడనీ, అనుకున్నాను. ఛీ! అదేం బుద్ధి నాది? పుస్తకంలో కూడా రాయకుండా జగిత్యాల బస్సెక్కాను.

లచ్చవ్వ మూలుగుతుంటే మామూలు నొప్పే అనుకుని సుజాత గోలీ ఇచ్చిందట. సాయంత్రం డాక్టరు కట్టు కోయించేసరికి ఆలస్యమైంది. కాలు దక్కింది, పాదం మాత్రం పైకి లేవలేదు. మస్కట్ ప్రయాణం ఆగిపోయింది.

ఇంటికి పంపేటప్పుడు సిబ్బంది ఎలా చూసుకున్నారో రోగితో కాగితం రాయిస్తారు. పొద్దటి సిస్టర్ మంచిదని, తన బాధ తర్వాతి సిస్టర్‌కు చెప్పే పోయిందని, మధ్యాహ్నం వచ్చినామే పట్టించుకోలేదని లచ్చవ్వ రాయించి వేలిముద్ర వేసింది. మేనేజరు దాన్ని మా ఇద్దరి ముందు చదివి, నిజంగా చెప్పావా అని నన్నడిగాడు.

చెప్పాను సార్, అన్నాను.

సుజాత నన్నే చూసింది. మర్నాడు ఉద్యోగం పోయి, సామాను సర్దుకుని సిరిసిల్ల వెళ్లిపోయింది. కొన్నాళ్లకు లచ్చవ్వ కుంటుతూ వచ్చి నా చేతులు పట్టుకుని, నువ్వు సల్లగుండు చెల్లె, అంది.

క్షమించమని మిమ్మల్ని అడగను. అడిగే మొహం లేదు. నేను సుజాతకు చెప్పలేదు. చెప్పానని అబద్ధమాడాను.

హమ్మయ్య. రాశాను.