ఆరని జిగురు

ఫైబర్ కొన తుడవడానికి స్పిరిట్ సీసా మూత తీస్తాను. ఆ వాసన ముక్కుకు తగలగానే నాకు కుదురు పోతుంది. ఇన్నేళ్లుగా ఇదే పని చేస్తున్నా, బందరు కాలేజీ ల్యాబూ సుభద్ర మేడమూ గుర్తుకొచ్చి, చక్కగా పనిచేస్తున్నదాన్ని కూడా మళ్లీ ఒకసారి కెలికి చూడాలనిపిస్తుంది.

మేడమ్ రోజూ గుడివాడ నుంచి బస్సులో వచ్చి మాకు ఎలక్ట్రానిక్స్ చెప్పేవారు. నా ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు ఆవిడ దగ్గరే. రెండు సర్క్యూట్ బోర్డులు రాగి తీగతో కాకుండా వెలుతురుతో మాట్లాడుకోవాలి. చిన్న లేజర్ ముందు వెంట్రుకంత సన్నటి గాజు ఫైబర్‌ని సరిగ్గా నిలబెట్టి జిగురుతో అతకాలి. ఇటు నుంచి పంపిన ఒకట్లూ సున్నాలూ అటువైపు తప్పుల్లేకుండా చేరాలి. ప్రాజెక్టు రివ్యూకి బయటి నుంచి ఒక కంపెనీ ఆయన వస్తున్నారు. ఆ కంపెనీలో ఖాళీ ఉందట, ఈ లింకు పనిచేయడం కళ్లారా చూస్తే నన్ను తీసుకుంటానన్నారు. అవనిగడ్డలో మావాళ్లు అప్పటికే వీధంతా చెప్పేసుకున్నారు.

రివ్యూకి ముందురోజు మధ్యాహ్నం లింకు పనిచేసింది. ఒక్క తప్పూ లేదు. నేను సంబరపడుతుంటే మేడమ్ హెయిర్ డ్రయ్యర్ తెచ్చి అతుకు మీద వేడిగాలి కొట్టారు. స్క్రీన్ నిండా తప్పులే.

"బాగున్నదాన్ని చెడగొట్టారేంటి మేడమ్?"

"నేను చెడగొట్టలేదమ్మా. కరెంటు పోయి ఏసీ ఆగితే అదే చెడిపోతుంది. తొందరగా ఆరే జిగురు వేశావు కదా, వేడికి మెత్తబడి ఫైబర్ జరిగింది."

"రేపు పొద్దున్న చల్లగానే ఉంటుంది కదండీ."

"ఉంటుంది. పనిచేస్తుంది కూడా. నీ ఇష్టం."

ఆ మాట నన్ను నిలవనివ్వలేదు. వరండాలో అటూ ఇటూ తిరిగాను. టీ తెచ్చుకుని తాగకుండా పారబోశాను. ఆవిడ మీద ఒళ్లు మండిపోయింది. చివరికి విసురుగా వచ్చి అతుకు పీకేసి, వేడికి మెత్తబడని, నిదానంగా ఆరే జిగురు పెట్టాను.

మర్నాడు ఆయన వచ్చేసరికి అది ఆరలేదు. సాయంత్రం దాకా ఉండమని బతిమాలాను. ఆయనకి రైలుంది. మేడమ్ పక్కనే నిలబడి కూడా నా తరఫున ఒక్క ముక్క మాట్లాడలేదు. ఉద్యోగం వేరేవాళ్లకి వెళ్లిపోయింది.

సాయంత్రం జిగురు ఆరాక మేడమ్ డ్రయ్యర్ నా చేతికే ఇచ్చారు. ఎంత వేడి కొట్టినా ఒక్క తప్పూ రాలేదు. చూడటానికి ఉన్నది మేమిద్దరమే. బస్సుకి టైమైందంటూ బ్యాగు తగిలించుకుని, గుమ్మం దగ్గర ఆగారు.

"నీ వయసులో నేనైతే పీకేదాన్ని కాదమ్మా" అన్నారు.

పొంగిపోవాలో ఏడవాలో తెలియలేదు. ఉద్యోగాలు తర్వాత చాలానే వచ్చాయి. అతికిన లింకు పనిచేస్తోంది కదా అని నిశ్చింతగా ఇంటికెళ్లిన రోజు మాత్రం ఇంతవరకూ రాలేదు.